కారు లేని షెడ్డు

14 జూన్ 1970

చర్చి నుంచి రాగానే ఇంటి వెనక గుంత తవ్వడం మొదలుపెట్టాను. పైన కారు నిలిపితే కింద మనిషి నిలబడి పనిచేసుకునేంత గుంత. తాడుతో కొలిచి సున్నం గీశాను. ఇవాళ మోకాలి లోతు వచ్చింది.

నాకు కారు లేదు. రిటైరైన తర్వాత పాత బండి ఏదైనా కొనుక్కోవచ్చు. అప్పుడు పెద్దపల్లి మెకానిక్కుల చుట్టూ తిరగడం ఎందుకు? ఇంట్లోనే ఏర్పాటు ఉంటే మంచిది. ఇన్నేళ్లు గనిలో పంపులు విప్పి బిగించిన చేతులకు కారు ఒక లెక్కా.

నిన్న డ్యూటీ దిగి వస్తుంటే రామగుండం స్టేషన్ రోడ్డు మీద వానలో ఒక పాత ల్యాండ్‌మాస్టరు కారు ఆగి ఉంది. దాని కింద గోనెసంచి పరుచుకుని నర్సింగం ఏదో బిగిస్తూ పడుకున్నాడు. కాళ్లు మాత్రమే బయటికి ఉన్నాయి. బురదనీళ్లు సంచిని తడుపుకుంటూ పారుతున్నాయి. నేను సైకిలు దిగలేదు. మా ఇద్దరికీ మాటల్లేవు, దిగితే నేను వెళ్లిపోయేదాకా అతను ఆ నీళ్లలోనే పడుకుని ఉండేవాడు.

గుంతకూ దానికీ సంబంధం లేదు. గుంత సంగతి చాలా రోజులుగా అనుకుంటున్నదే.

16 జూన్

నడుము లోతు. అరచేతులు బొబ్బలెక్కాయి.

21 జూన్

చర్చిలో నా బల్ల మీద నేనొక్కణ్ని. వెనక బల్ల మీద ఇరుక్కుని కూర్చున్నారు గాని ఎవరూ ముందుకు జరగలేదు. బయటికి వచ్చేటప్పుడు పాస్టరు గారు ఒక్కరే అడిగారు, "సుసన్నమ్మ ఎప్పుడొస్తది?" అని. మోకాలు నయం కాగానే వస్తుందని చెప్పాను.

మా ఆవిడ సుసన్నా ఏప్రిల్ ఆఖర్లో మందమర్రిలో తన తమ్ముడు తీతు ఇంటికి వెళ్లింది. అక్కడి దవాఖానలో మోకాలి నొప్పికి మంచి మందు ఇస్తారట. వెళ్లే ముందు రోజు నల్లా దగ్గరికి పోయి ఖాళీ బిందెతో తిరిగొచ్చింది. ఈమె వరుసలో నిలబడగానే ఆడవాళ్లు తమ బిందెలు తీసి దూరంగా పెట్టుకున్నారు. బిందెను వంటింట్లో బోర్లించి ట్రంకుపెట్టె కిందికి దించింది.

అయినా మోకాలి నొప్పి నిజమే. చలికాలం నుంచీ ఉంది.

28 జూన్

రాత్రంతా వాన. పొద్దున లేచేసరికి గుంత నిండా నీళ్లు. మధ్యాహ్నం దాకా బకెట్లతో తోడాను. సాయంత్రానికి మళ్లీ ఊరాయి. ఇక్కడ నేల కింద అంతా జలమే.

బెల్లంపల్లిలో కొంతకాలం, ఇక్కడ కొంతకాలం, బతుకంతా గనిలో నీళ్లు తోడిన మనిషి తన ఇంటి వెనక నీళ్ల గుంత తవ్వుకున్నాడు. ఈ మాట ఎవరితోనైనా చెబితే పడీ పడీ నవ్వేవాళ్లు. నర్సింగం అయితే వారం దాకా వదలడు. దారిలో కనిపించిన ప్రతివాణ్నీ ఆపి చెప్పేవాడు.

2 జూలై

ఏప్రిల్ సంగతి ఎవరితోనూ మాట్లాడలేదు. ఇక్కడ రాసుకుంటే తప్పు లేదు.

అప్పటికి సమ్మె మొదలై చాలా రోజులైంది. మా గని కమిటీకి నర్సింగమే పెద్ద. పంపు డ్యూటీ వాళ్లు కూడా బయటికి రావాలని తీర్మానం చేశారు. వచ్చాను. అందరితో పాటు గేటు ముందు కూర్చున్నాను. అలా కూర్చున్న మూడో రోజు మధ్యాహ్నం నాకు కూర్చోబుద్ధి కాలేదు. కింద డిప్పులో, గని వాలు అడుగున, నీళ్లు ఎంత ఎక్కి ఉంటాయో నాకు తెలుసు. ఇంకో రోజు వదిలేస్తే పంపు మునుగుతుంది. పంపు మునిగితే ఆ డిప్పు మళ్లీ ఎప్పుడు తేలుతుందో చెప్పలేం. సమ్మె గెలిచినా దిగడానికి పని ఉండదు. ఇంటికి పోతున్నట్టు లేచి, వెనక దారిన దిగి పంపు వేశాను.

గొట్టంలో నీళ్లు పడే చప్పుడు గేటు దాకా వినబడింది. ఎవరు దిగారో అందరికీ తెలిసిపోయింది. మర్నాడు పొద్దున కొందరు, సాయంత్రానికి ఇంకా కొందరు డ్యూటీ ఎక్కారు. సమ్మె పోయింది. నర్సింగం నౌకరీ పోయింది.

తర్వాత మేనేజరు అందరి ముందూ గేటు దగ్గర నా మెడలో దండ వేశాడు. తల వంచకుండా ఉండాల్సింది. ఆయన పొట్టివాడు, అలవాటుగా వంచాను.

5 జూలై

గుంత పూడ్చేశాను. కిందికి పోవడానికి లేదు కాబట్టి కారునే పైకి లేపాలి.

అటు ఇటు నాలుగు స్తంభాలు. మధ్యలో చక్రాలు ఎక్కడానికి రెండు పొడుగాటి ఇనుప పలకలు. నాలుగు మూలలకూ ఇనుప రోపు, పైన కప్పీలు, ఎడమ పక్కకు ఒక చేతి వించి, కుడి పక్కకు ఒకటి. తిప్పితే పలకలు కారుతో సహా పైకి లేస్తాయి. కరీంనగర్‌లో ఒక పెద్ద వర్క్‌షాపులో నూనెతో లేచే లిఫ్టు చూశాను. మనకు అంత వద్దు. బొగ్గుటబ్బులు లాగే రోపు ఒక కారును ఆపలేదా?

19 జూలై

తుక్కు వేలంలో రెండు వించీలు దొరికాయి. ఒకదానికి పళ్లు బాగున్నాయి, రెండోదానికి రెండు పళ్లు విరిగాయి. పాత పట్టాలు, ఛానళ్లు, వాడి తీసేసిన రోపు కూడా తీసుకున్నాను. బండివాడు దించి పోతుంటే కాలనీ అంతా గుమ్మాల్లో నిలబడి చూసింది. అడిగినవాడు లేడు.

బజారులో వెల్డింగు దుకాణం ఆగయ్యది. గనితో సంబంధం లేని మనిషి కాబట్టి నాతో మాట్లాడతాడు.

"గింత ఇనుమెందుకే దానమన్నా?"

"కారు లేపడానికి."

"కారేది?"

"కొంట."

"ముందు కారు గొని గద, తర్వాత గిది చేసుకునేది." పళ్లు విరిగిన వించిని తిరగేసి చూశాడు. "సరే తీ, నాకేం. పళ్లు పోసి ఇస్త, శనివారం రా."

2 ఆగస్టు

స్తంభాలు పాతాను. సిమెంటుకు నీళ్లు పట్టాలి. వాన పడుతోంది కనుక ఆ పనీ దేవుడే చేస్తున్నాడు. పైన రేకులు వేశాను. షెడ్డు అయింది. లోపల ఏమీ లేదు.

సాయంత్రం షెడ్డులో కూర్చుని టీ తాగాను.

16 ఆగస్టు

పలకల మీద కారు బరువుకు సరిపడా రాళ్లు పేర్చి లేపి చూశాను. ఎడమ వించి నాలుగు చుట్లు తిప్పి, కొండి వేసి, పరుగెత్తుకుంటూ కుడి వైపుకు పోయి అక్కడ తిప్పాను. మళ్లీ ఎడమకు. మళ్లీ కుడికి. జానెడు లేచేసరికి చొక్కా పిండితే నీళ్లు కారేలా అయింది. తర్వాత ఒక పక్క ఎక్కువ తిప్పానేమో, పలక వాలి రాళ్లన్నీ దొర్లి నా కాలి పక్కనే పడ్డాయి. కాలు తప్పింది.

రెండు పక్కలా ఇద్దరు నిలబడి ఒకేసారి తిప్పాలి. ఇది గీసుకున్నప్పుడు నాకు ఎందుకు తట్టలేదో. నా లెక్కలో మొదటి నుంచీ రెండో వించి దగ్గర మనిషి ఉన్నాడు.

17 ఆగస్టు

పని ఆపేశాను.

30 ఆగస్టు

సెలవు పెట్టి మందమర్రి పోయాను. సుసన్నా మోకాలు బాగానే ఉంది. తీతు పిల్లలతో తొక్కుడుబిళ్ల ఆడుతూ గెంతుతోంది. నన్ను చూసి ఆగి, కొంగుతో మొహం తుడుచుకుని అన్నం పెట్టింది.

షెడ్డు సంగతి చెప్పాను. స్తంభాలూ కప్పీలూ వించీలూ అన్నీ చెప్పాను. అంతసేపు ఒక మనిషితో మాట్లాడి నాలుగు నెలలు దాటిందేమో. ఆమె చారు పోస్తూ విన్నది.

"కారు ఎవలిది?" అంది.

"కొందామని."

"నర్సింగం బండి కోసం గదా కడ్తున్నవ్?"

"ఛీ. అతనికీ నాకూ మాటల్లేవు గదా."

"మాటల్లేవు గనుకనే కడ్తున్నవ్." గిన్నె కింద పెట్టింది. "నువ్వు ఆనింటికి పోయి, గిట్లైంది తమ్మీ అని ఒక్క మాట అనలేవు. గది జేతగాక ఇనుప స్తంభాలు పాతినవ్."

నాకు కోపం వచ్చింది. నౌకరీ పోయిన తర్వాత నర్సింగం అప్పో సప్పో చేసి ఆ పాత బండి కొని టాక్సీ నడుపుకుంటున్నాడు, అది నా షెడ్డుకు వస్తుందని నేను ఎందుకనుకుంటాను? అదే మాట అన్నాను.

"బదిలీ పెట్టుకో. ఏడికైనా వస్త. ఆ నల్లకాడికైతే నేను రాను" అంది.

బస్సు దాకా వచ్చింది. బస్సు కదిలేటప్పుడు, "కాలు జూపియ్యి, గా రాళ్లు ఏడ తాకినయ్" అంది. తాకలేదని చెప్పాను కదా.

6 సెప్టెంబరు

బదిలీ కాగితం తెచ్చుకున్నాను. నింపలేదు.

20 సెప్టెంబరు

నర్సింగం బండి వారంగా అతని ఇంటి ముందే ఉంది. నేను చూడ్డానికి పోలేదు, అటు వైపు పని ఉండి పోయాను. క్లచ్చు పోయిందని ఆగయ్య చెప్పాడు. గేరు వేస్తే ఇంజను మొత్తుకుంటుందట గాని బండి కదలదట. కరీంనగర్ దాకా లాక్కుపోయే దారి లేదు. గేర్‌బాక్సు మొత్తం దించాలి. నేల మీద పడుకుని ఒక్కడు దించితే ఛాతీ మీద పడుతుంది.

నాకేం.

రోపుకు గ్రీసు పెట్టాను. వాన కాలం, తుప్పు పడుతుంది.

27 సెప్టెంబరు

మధ్యాహ్నం ఐలవ్వ వచ్చింది. నర్సింగం భార్య. మా వాకిట్లోకి వచ్చి ఐదు నెలలైంది. అంతకు ముందు అడగకుండా వంటింట్లోకి పోయి సుసన్నాతో కలిసి తినే మనిషి. ఇవాళ గేటు బయటే నిలబడింది.

"అన్నా, గా వెనక కట్టింది కారు లేపేదేనా?"

"అవును."

"మా ఆయన అడుగడు. సచ్చిపోయినా అడుగడు. నేను అడుగుతున్న. బండి నడువకుంటే మాకు పూట గడువది." నేల చూస్తూ చెప్పింది. ఏడవలేదు.

"తీసుకొని రమ్మను."

"రమ్మంటె రాడు. నేనే బండి తోలుకొస్త. ఆయన ఎనక వస్తడు."

వెళ్లబోతూ ఆగి, వదిన ఎట్లుందని అడిగింది. బాగుందని చెప్పాను. మోకాలు అని కూడా చెప్పాను.

4 అక్టోబరు

ఆదివారం. చర్చికి పోలేదు.

పొద్దున కారు వచ్చింది. ముందు జోడెడ్లు కట్టి లాగుతున్నాయి. ఐలవ్వ ఎడ్ల ముందు నడుస్తోంది, నర్సింగం స్టీరింగు దగ్గర కూర్చున్నాడు. కాలనీ మొత్తం చూసింది. అతను ఎవరినీ చూడలేదు, నన్నూ చూడలేదు. గేటు దాటేటప్పుడు అద్దం దించి ఎడ్లను మాత్రం అదిలించాడు.

బండి పలకల మీదికి ఎక్కించాం. కట్టెముక్కలు చక్రాలకు అడ్డం పెట్టాను. అతను షెడ్డంతా తిరిగి చూశాడు. రోపు పట్టుకుని గుంజాడు, కప్పీ వైపు తలెత్తాడు. కొత్తగా పోసిన పళ్లను వేలితో తడిమాడు. తర్వాత చెప్పకుండానే కుడి వించి దగ్గరకు పోయి నిలబడ్డాడు.

నేను ఎడమ దగ్గర నిలబడ్డాను. ఎలా మొదలుపెట్టాలో తెలియలేదు. మాటల్లేవు కదా.

అతనే "ఊ" అన్నాడు.

తిప్పాను. "ఊ." తిప్పాను. బెల్లంపల్లిలో మేమిద్దరం పాత పంపు డిప్పులోంచి పైకి లాగినప్పుడు కూడా ఇలాగే. పలకలు సమంగా లేచాయి. ఒక్క వేలెడు తేడా లేదు. మనిషి నిలబడేంత ఎత్తుకు వచ్చాక నాలుగు మూలలా దుంగలు పేర్చి, కొండ్లు వేశాం.

సాయంత్రానికి గేర్‌బాక్సు దించాం. ఇద్దరం భుజాల మీద ఆనించుకుని దించాం. క్లచ్చు ప్లేటు అరిగిపోయి రివెట్లు బయటపడ్డాయి. ఆ రివెట్లు ప్లేటు ఆనుకుని తిరిగే ఫ్లైవీలు చక్రాన్ని గీకాయి.

కొత్త ప్లేటు అతని దగ్గరే ఉంది, కరీంనగర్ నుంచి తెప్పించుకున్నాడట. ఈ మాట నాతో అనలేదు, అక్కడే కూర్చున్న ఐలవ్వతో అన్నాడు. "ప్లేటు ఉన్నది గని, ఫ్లైవీలే జూడాలె. గీతలు లోతున్నయేమో." ఆమెకు ఫ్లైవీలు అంటే ఏం తెలుసు?

ఐలవ్వ నాతో అంది, "దసరా పోంగనే బోధన్ పోతున్నమన్నా. మా తమ్ముడు శక్కర ఫ్యాక్టరీల ఉన్నడు. ఆడ టాక్సీకి గిరాకున్నదట. ఇల్లు గూడ మాట్లాడిండు."

నాకు అప్పటిదాకా తెలియదు. చేతిలో పానా ఉంది. ఏ బోల్టు కోసం పట్టుకున్నానో మరిచిపోయాను.

వాళ్లు వెళ్లిపోయాక మళ్లీ షెడ్డులోకి పోయి ఫ్లైవీలు మీద గోరు పెట్టి చూశాను. గీతలు ఉన్నాయి. హైదరాబాదు పంపి లేతు మీద చదును చేయించాలని చెప్పొచ్చు. పంపి తెప్పించేసరికి నెల పడుతుంది. దసరా పోతుంది. నెలలో ఏదైనా కావచ్చు. బోధన్‌లో గిరాకీ తగ్గొచ్చు, ఇల్లు పోవచ్చు. రోజూ వచ్చి బండి చూసుకుంటాడు కదా. రోజూ ఇక్కడికే రావాలి.

చెబితే నమ్ముతాడు. పనిలో నేను అబద్ధమాడనని అతనికి తెలుసు.

5 అక్టోబరు

డ్యూటీకి పోలేదు. అతను పెందలాడే వచ్చాడు, ఒక్కడే. ఫ్లైవీలు ముందు నిలబడి మొదటిసారి నా మొహం చూశాడు.

"ఏమంటవ్?"

"నడుస్తది. గీతలు లోతుగా లేవు. ఎమరీ కాగితంతో రుద్దితే సాలు."

"సదును జేపియ్యకుంటె మల్ల ప్లేటు తింటదేమో?"

"తినదు. బోధన్ దాక నేను పూచీ. ఆ తర్వాత గూడ."

అతను తలాడించాడు. ఇద్దరం రుద్దాం. మధ్యాహ్నానికి ప్లేటు కూర్చుంది, సాయంత్రానికి గేర్‌బాక్సు ఎక్కింది. ఆఖరి బోల్టు అతను బిగిస్తున్నాడు, నేను లైటు పట్టుకున్నాను. ఇద్దరం కారు కిందే ఉన్నాం. బోల్టు మీద నుంచి చూపు తీయకుండానే అడిగాడు.

"ఆ దినం నాకెందుకు జెప్పలే?"

ఏ దినమని నేను అడగలేదు.

"చెప్తే వద్దందువు."

"అందును. నువ్వు ఇనకపోదువు. ఇనకపోతే నేను నీ ఎంబడి దిగుదును." పానా ఒక చుట్టు తిప్పాడు. "కమిటోడు, పంపోడు ఇద్దరు గల్సి దిగితే అది సమ్మె ఇరగ్గొట్టుడు గాదు దానమన్నా. మన గనిని మనం కాపాడుకునుడు. దిగి, పంపేసి, మల్లొచ్చి గేటుకాడ గూసుందుము. నువ్వు ఒక్కనివే దిగినవ్. నేను ఒద్దంటనని నీకు నువ్వే అనుకున్నవ్."

ఐదు నెలలు రకరకాల జవాబులు తయారుచేసుకున్నాను. నీళ్ల లెక్క, పంపు లెక్క, డిప్పు లెక్క. ఒక్కటీ ఈ మాటకు జవాబు కాదు.

"లైటు ఇటు వట్టు" అన్నాడు.

పట్టాను.

దించేటప్పుడు కూడా "ఊ" అంటూ దించాం. స్టార్టు చేసి గేరు వేశాడు. బండి మెత్తగా కదిలింది. గేటు దాటి వెళ్లిపోయాడు.

8 అక్టోబరు

బతుకమ్మ పాటలు వినబడుతున్నాయి. మూడో షిఫ్టు.

11 అక్టోబరు

పండుగ వెళ్లింది. చర్చి నుంచి వచ్చి గుమ్మంలో కూర్చుని ఉన్నాను. నల్లా దగ్గర ఆదివారం రద్దీ. ల్యాండ్‌మాస్టరు వచ్చి ఆ రద్దీ పక్కనే, మా గేటు ముందు ఆగింది. పైన మంచం, బిందెలు, మూటలు తాళ్లతో కట్టి ఉన్నాయి. నర్సింగం హారను కొట్టాడు. నేను లేచేలోపు దిగి, కాలనీ అంతా వినేట్టు పిలిచాడు.

"ఓ దానమన్నా! పండుగనాడు రాకపోతిని. బంగారం దెచ్చిన, పట్టు!"

చేతిలో జమ్మి ఆకు పెట్టాడు. నేను క్రీస్తు వేదం మనిషినని, మాకు ఆ పండుగ లేదని అతనికి తెలుసు. బెల్లంపల్లిలో ఉన్నప్పటి నుంచి ఏటా ఇస్తూనే ఉన్నాడు, నేను తీసుకుంటూనే ఉన్నాను. ఇచ్చి, అందరి ముందూ అలాయ్ బలాయ్ తీసుకున్నాడు. గట్టిగా, రెండు పక్కలా. చెవిలో ఏమైనా అంటాడనుకున్నాను. ఏమీ అనలేదు.

తర్వాత నల్లా వైపు తిరిగి, "కొమురెల్లీ, ఇటు రా. మంచం తాడు జర గట్టిగ గట్టు. దానమన్న అటు దిక్కు వడ్తడు" అన్నాడు. కొమురెల్లి కమిటీ మనిషి. ఏప్రిల్ నుంచి నా నీడ పడితే పక్కకు జరిగేవాడు. వచ్చాడు. అటు నేను, ఇటు అతను తాడు లాగాం.

ఐలవ్వ కారులోంచి, "వదినెను తోలుకరా అన్నా, ఒక్కనివి ఎన్నొద్దులుంటవ్" అంది.

బండి మలుపు తిరిగేదాకా చూశాను. క్లచ్చు బాగా పనిచేస్తోంది. గేరు మార్చిన చప్పుడే లేదు.

13 అక్టోబరు

నల్లా దగ్గర సారవ్వ తన బిందె జరిపి నా బకెట్టుకు చోటిచ్చింది. సుసన్నా ఎప్పుడొస్తుందని అడిగింది.

సుసన్నాకు కార్డు రాశాను. బదిలీ కాగితం చింపేశాను.

18 అక్టోబరు

క్యాంటీన్లో అడుగుపెట్టగానే కొమురెల్లి బల్ల మీద జరిగి, "కూసో అన్నా" అన్నాడు. కూర్చున్నాను. టీ వచ్చింది. వాళ్ల మాటల్లో నన్ను కూడా కలుపుకున్నారు. డిప్పులో కొత్త పంపు వస్తుందట, నిజమేనా అని అడిగారు. నాకు తెలిసింది చెప్పాను. నేను ఏదో అంటే నవ్వారు కూడా. చర్చిలో కూడా ఇవాళ నా బల్ల నిండింది. ఆగయ్య ఎవరిదో జీపు తోలుకొస్తానన్నాడు, రెండో వించి తానే తిప్పుతాడట.

రేపు పొద్దుటి బస్సుకు సుసన్నా వస్తోంది.

ఇంటికి వచ్చాక చాలాసేపు షెడ్డులో కూర్చున్నాను. ఈ సంగతులన్నీ నర్సింగానికి చెప్పాలనిపించింది. బోధన్‌లో వాళ్లు ఏ వాడలో ఉంటారో నేను అడగలేదు. అతనూ చెప్పలేదు.